నాన్నకి, పోర్టో గోడల సంగతులు

డబ్లిన్,
ఆదివారం రాత్రి

నాన్నా,

కంటి ఆపరేషన్ అయ్యాక నెల్లాళ్లు ఫోన్ చూడొద్దన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. అమ్మ చదువుతుంది, నువ్వు నల్లజోడు పెట్టుకుని మంచం మీద పడుకుని విను. ఫోన్లో చెబితే మూడో నిమిషానికల్లా "సరే, తిన్నావా, ఉంటా మరి" అని పెట్టేస్తావు. దీన్ని అలా పెట్టేయలేవు. అమ్మా, మధ్యలో నీకు నచ్చని ముక్క ఒకటుంది. దాటేయకుండా చదువు.

నాలుగు రోజులు సెలవు కలిసొస్తే పోర్చుగల్లో పోర్టో అనే ఊరు వెళ్లొచ్చాను. డౌరో అనే నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. నది మీద పెద్ద ఇనప వంతెన, 1886లో కట్టింది. మన గోదారి మీది హేవలాక్ రైలు వంతెన కన్నా పద్నాలుగేళ్లు పెద్దది. రెండంతస్తులు: పైన మెట్రో రైలూ మనుషులూ, కింద బస్సులు. మనం మన వంతెన మీద రైళ్లు ఆపేసి మూలన పడేశాం. వీళ్లు ఇంకా వాడుతున్నారు.

మొదటి రోజు అందరూ చూసేవే చూశాను. సావో బెంతో రైల్వే స్టేషన్ హాలు గోడల నిండా నీలం టైల్స్, ఇరవై వేల దాకా ఉంటాయి. జోర్జ్ కొలాసో అనే ఆయన వేసిన బొమ్మలు, యుద్ధాలు, రాజులు, పెళ్లి ఊరేగింపులు. బాగుంది. కానీ ఆ హాల్లో రైలెక్కేవాళ్ల కన్నా ఫోటోలు తీసేవాళ్లే ఎక్కువ. నది ఒడ్డున హోటళ్లవాళ్లు మెనూ కార్డులు పట్టుకుని "సర్, సర్" అని వెంటపడుతుంటే అన్నవరం కొండ కింద కొబ్బరికాయల కొట్ల ముందు నడిచినట్టే ఉంది. సాయంత్రానికి విసుగొచ్చింది. దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనిపించింది.

అసలు సంగతి మర్నాడు పొద్దున మొదలైంది, అదీ నేను దిగిన గది దగ్గరే.

గది బొన్‌ఫిం అనే పేటలో తీసుకున్నాను. చవకని తీసుకున్నాను, అంతకు మించి తెలీదు. రాత్రి చీకట్లో వచ్చి పడుకున్నా కాబట్టి ఏమీ చూడలేదు. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా సన్నటి సందు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. సందు పొడవునా అటు ఆరు, ఇటు ఆరు చిన్న చిన్న తలుపులు, చివర ఒక నీళ్ల కొళాయి, బట్టల తీగలు. వీధిలోంచి చూస్తే ఇదంతా ఉందని కూడా తెలీదు. ముందు పెద్ద మేడ ఉంటుంది, దాని కింద చిన్న ద్వారం, అందులోంచి వస్తే వెనక ఈ లైను. నాన్నా, ఒక్క క్షణం కాలవ గట్టు మీది మన పాత లైన్ ఇల్లే అనుకున్నాను. మనకి బాత్రూం చివర ఉండేది కదా, పొద్దున్నే బకెట్లు వరసలో పెట్టేవాళ్లం, అలాగే.

వీటిని 'ఇల్యా' అంటారు. ఆ మాటకి అర్థం లంక. మన గోదారి లంకల్లాంటి లంకే. పెద్ద ఊళ్లో చుట్టూ మేడలుంటే మధ్యలో చిక్కుకున్న లంక. 1800ల్లో ఇక్కడ బట్టల మిల్లులు వచ్చాయి, పల్లెల నుంచి జనం పనికోసం వచ్చేశారు. ఉండడానికి చోటు లేదు. అప్పుడు మేడలవాళ్లు తమ వెనక పెరట్లో ఇలా గదుల వరసలు కట్టి అద్దెకిచ్చారు. ఒక్కో ఇల్లు పదమూడు అడుగుల ముఖం, పదమూడు అడుగుల లోతు, అంతే. ఒక్కటే తలుపు, ఒక్కటే కిటికీ. వెనక గోడ పక్కవాళ్ల పెరటిది కాబట్టి గాలి ఇటు నుంచి అటు పోదు. నువ్వైతే గుమ్మంలో నిలబడే "వెంటిలేషన్ లేదురా" అనేవాడివి. ఒకప్పుడు ఊళ్లో దాదాపు మూడో వంతు జనం ఇలాంటి ఇళ్లలోనే బతికేవాళ్లట. 1899లో ఈ ఊళ్లో ప్లేగు వచ్చింది. అది ప్లేగేనని తేల్చిన డాక్టరు రికార్డో జోర్జ్. ప్రభుత్వం ఊరు చుట్టూ సైన్యాన్ని పెట్టి రాకపోకలు ఆపేసింది. కోపం పట్టలేని జనం ఆ డాక్టరు మీదే పడితే, ఆయన ఊరొదిలి లిస్బన్ వెళ్లిపోయాడు.

నా పక్క గదిలో ఒక ముసలావిడ ఉంటుంది. మిగతా తలుపులన్నిటికీ నంబర్లు నొక్కే కొత్త తాళాలు. అవన్నీ నాలాంటి వాళ్ల కోసం. ఆవిడ తలుపుకి మాత్రం పాత ఇనప తాళం, పక్కన తులసికుండీ అంత కుండీలో ఏదో ఆకుకూర. నాకు ఆవిడ భాష రాదు, ఫోన్లో అనువాదం పెట్టి మాట్లాడాను. ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారని అడిగితే చేత్తో నడుం ఎత్తు చూపించింది. అంతప్పటి నుంచి. మిగతావాళ్లేరి అంటే భుజాలు ఎగరేసింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, రెండు చేతులతో ఏదో లాగుతున్నట్టు చేసి నోటితో "గడగడగడ" అంది. సూట్‌కేసు చక్రాలు. రాత్రి పన్నెండుకి నేను ఆ రాళ్ల సందులో లాక్కొచ్చిన సూట్‌కేసు. తిట్టలేదు, నవ్వింది. తిరిగొచ్చే రోజు తెల్లవారుజామున సూట్‌కేసు నెత్తి మీద పెట్టుకుని బయటికొచ్చాను, నువ్వు సిమెంటు బస్తా మోసినట్టు.

ఆ తర్వాత నుంచి టూరిస్టు మ్యాపు తీయలేదు. బొన్‌ఫిం వీధులెంట తిరిగాను. ఇళ్ల ముఖాలన్నీ టైల్సే నాన్నా. లోపల కాదు, బయట. పచ్చవి, నీలివి, కుంకుమ రంగువి, కొన్నిటి మీద బుడిపెలు. ఒకప్పుడు బ్రెజిల్ వెళ్లి డబ్బు సంపాదించి తిరిగొచ్చినవాళ్లు ఇలాంటి మేడలు చాలా కట్టుకున్నారట. కోనసీమలో కువైట్ మేడలు ఉంటాయి చూడు, ఎవరి గేటుకి సింహాలు పెద్దవో అని పోటీ, అలాంటిదే అనుకో. వానకి గోడ తడవదు, ఏటా రంగు వేయక్కర్లేదు. ఈ ఊళ్లో వాన బాగానే పడుతుంది. తడి రాళ్ల మీద ఒకసారి జారి పడ్డాను కూడా. మోకాలు గీరుకుంది, అంతే అమ్మా, ఏం కాలేదు.

నడుస్తూ నడుస్తూ నీలాగే వేలి కణుపుతో టైల్స్ మీద కొట్టి వినడం మొదలుపెట్టాను. గట్టిగా పట్టుకున్నది 'టక్' మంటుంది, వెనక వదిలేసింది 'బొక్' మంటుంది. చిన్నప్పుడు నీ వెనక తిరుగుతూ విన్న చప్పుడే. పోయేవాళ్లు నన్ను పిచ్చివాడిలా చూశారు.

అలా ఒక గోడ దగ్గర ఉండగా పైనుంచి ఎవరో "ఓ మెస్త్రె!" అని కేకేశారు. నేను తల తిప్పి చూశాను. నిన్నే పిలిచారనుకున్నా. పరంజా మీద ఒక కుర్రాడు, కింద తాపీ పట్టుకుని నెరిసిన మీసాల ఆయన. వీళ్ల భాషలో 'మెస్త్రె' అంటే పనిలో పెద్ద, గురువు. మన మేస్త్రీ అన్న మాట వీళ్ల దగ్గర్నుంచి వచ్చిందేనట. ఇస్త్రీ, తువ్వాలు, బొత్తాం, పీపా కూడా వీళ్లవే. నలభై ఏళ్లు నిన్ను అందరూ పోర్చుగీసులో పిలిచారన్నమాట.

ఆయనకి ఫోన్ చూపించి "మా నాన్న కూడా మెస్త్రె" అని చెప్పాను. అంతే, పని ఆపేశాడు. గోడ మీది టైల్సు ఒక్కొక్కటీ పగలకుండా ఊడదీస్తున్నారు. సన్నటి ఉలి అంచున పెట్టి, చిన్న సుత్తితో తడుతూ, నాలుగు వైపులా తిరిగి తిరిగి. ఒకటి నా చేతిలో పెట్టాడు. జానెడు కూడా లేదు, చదరం, వేలు మందం. ముందువైపు నీలం పువ్వు, మీద మెరుపు సాలెగూడులా సన్నగా పగిలింది. వెనక్కి తిప్పితే ఎర్రమట్టి రంగు, దాని మీద పాత సున్నం అట్టలు కట్టి ఉంది. గోరుతో గీకితే పిండిలా రాలింది. ఇప్పుడు మనం వేసే మిషన్ టైల్సులా అచ్చు కొట్టినట్టు కచ్చితంగా లేదు, ఒక మూల కాస్త వంకర. అయినా వందేళ్ల పైన గోడ పట్టుకుని ఉంది.

ఈ పాత పలకలు ఏం చేస్తారని అడిగితే ఒక సంగతి చెప్పాడు, నీకు అదే ముఖ్యంగా రాద్దామనుకున్నా. ఈ ఊరి మునిసిపాలిటీకి ఒక సామాన్ల బ్యాంకు ఉంది. పడగొట్టిన ఇళ్ల టైల్సు, ఇనప పిట్టగోడ గ్రిల్లులు, పూల డిజైన్లు తెచ్చి అందులో దాస్తారు. ఎవరైనా పాత ఇల్లు బాగు చేసుకుంటూ, ముందు గోడలో పది టైల్సు తక్కువైతే, వెళ్లి నమూనా చూపిస్తే అదే రకం వెతికి ఇస్తారు. డబ్బు తీసుకోరు. నమ్మలేదు, మధ్యాహ్నం వెళ్లి చూశాను. కార్లోస్ అల్బెర్తో కూడలిలో పాత మేడలో ఉంది. అరల్లో రకం రకం వారీగా పలకలు, మందుల షాపులో డబ్బాల్లా. దేవీచౌక్ దగ్గర పాత మేడ పడగొట్టినప్పుడు ఆ రంగు గచ్చు పలకలు లారీల్లో చెరువు పూడ్చడానికి తోలేశారని నువ్వు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది గుర్తొచ్చింది.

సాయంత్రం లాపా మెట్రో స్టేషన్ పక్కన బోసా అనే కాలనీ చూశాను. 1974 ఏప్రిల్ 25న ఇక్కడ నియంతృత్వం పోయింది. అప్పుడు ఇల్యాల జనం "ఇళ్లు కావాలి, గుడిసెలు వద్దు" అని వీధుల్లోకొచ్చారు. ప్రభుత్వం ఆర్కిటెక్టులని పేటల్లోకి పంపింది, జనంతో కూర్చుని గీయమని. బోసాని గీసింది అల్వారో సిజా, ఈ ఊరి పక్క మతోసిన్యోష్‌లో పుట్టినాయన. 1976లో ఆ పథకం ఆగిపోయింది, సగం కట్టి వదిలేశారు. మిగతా సగం 2006కి పూర్తయింది. ముప్ఫై ఏళ్లు! మన ఇందిరమ్మ ఇళ్లు నయం. నాలుగు తెల్లటి వరసలు, బయట మెట్లు, రైలు పట్టాల వైపు చప్పుడు రాకుండా పొడవాటి గోడ. గోడల మీద నీటి చారలున్నాయి, నువ్వు చూస్తే ఊరుకోవు. కానీ మెట్ల మీద పిల్లలు ఆడుతున్నారు, ఎవరో చేపలు వేయిస్తున్న వాసన. నేను కాసేపు అక్కడే కూర్చున్నా. ఆ కాలనీలో ఇప్పుడు ఆర్కిటెక్టులు కూడా ఇష్టపడి ఉంటున్నారని ఒకమ్మాయి చెప్పింది.

ఇక చిన్నోడికి చెప్పాల్సింది ఒకటి. మా గదికి దగ్గర్లో హెరోయిష్మో వీధిలో 'స్టాప్' అని పాత షాపింగ్ కాంప్లెక్స్ ఉంది. బయటి నుంచి చూస్తే ఎప్పుడో మూతపడ్డట్టు ఉంటుంది. లోపలికెళ్తే ఒక్కో షట్టర్ వెనక ఒక్కో బ్యాండు. బట్టల కొట్లు పోయాక ఖాళీ గదుల్లోకి పాటగాళ్లు చేరారు. ఐదొందల మంది దాకా ఉంటారట. 2023 జులైలో లైసెన్సు లేదని మునిసిపాలిటీ వందకి పైగా గదులకి సీలు వేస్తే, వాళ్లు వీధిలో వాయిద్యాలు పెట్టుకుని గొడవ చేశారు. కొన్ని వారాలకే మళ్లీ తెరిచారు, బయట ఫైర్ వాళ్లని కాపలా పెట్టి. ఒక డ్రమ్మర్ కుర్రాడు నన్ను లోపల కూర్చోనిచ్చాడు. గోడలకి గుడ్ల అట్టలు, పాత పరుపులు అంటించుకున్నారు. ఒక పక్క నుంచి గిటారు, ఒక పక్క నుంచి బాకా, కింద నుంచి ఎవరో అరుపు. మన వీధి చివర బ్యాండు మేళం వాళ్ల రేకుల షెడ్డు పెళ్లిళ్ల సీజన్లో ఎలా ఉంటుందో అలా.

అమ్మా, ఇప్పుడు నీ ముక్క. ఈ ఊరివాళ్లని బోటి తినేవాళ్లని పిలుస్తారు, వాళ్లూ గర్వంగా చెప్పుకుంటారు. 1415లో రాజు ఓడలు యుద్ధానికి వెళ్తుంటే ఊళ్లో మాంసమంతా ఇచ్చేసి బోటి మాత్రం తాము ఉంచుకున్నారని కథ. తెల్ల చిక్కుడు గింజలు వేసి వండుతారు. తిన్నాను. దేని బోటి అని అడక్కు. కారం లేదు గానీ, ఆదివారం నువ్వు చేసే బోటి కూరకి దూరపు చుట్టమే.

శనివారం పొద్దున వాందోమా సంతకి వెళ్లాను. పాత సామాన్ల సంత. నేల మీద గుడ్డ పరిచి రేడియోలు, తాళాలు, కళ్లజోళ్లు. ఒకచోట నీలం టైల్సు కుప్ప ఉంది, మెస్త్రె చేతిలో చూసినలాంటివే. నీకొకటి కొందామని బేరం కూడా ఆడాను. తీరా వెనక్కి తిప్పితే కొత్తగా ఊడదీసిన సున్నం, అంచు విరిగి ఉంది. ఎవరింటి గోడదో. ఇలా గోడల నుంచి పీక్కుపోయి అమ్ముతున్నారనే 2017లో చట్టం చేశారు, అనుమతి లేకుండా టైల్సు తీయకూడదని. పెట్టేసి వచ్చేశాను. అందుకని నీకు ఏమీ తేలేదు నాన్నా, కోప్పడకు.

ఒక పని మాత్రం ఉంది నీకు. ఆ మెస్త్రె నన్నొకటి అడిగాడు: మీ నాన్న పాత ఇళ్లకి పలక అతికించేటప్పుడు సున్నంలో ఇసక పాళ్లు ఎంత కలిపేవాడు, బెల్లం నీళ్లు కలుపుతారని విన్నాను, నిజమేనా అని. నాకు తెలీదన్నాను, అడిగి చెప్తానన్నాను. ఆయన నంబరు రాసుకున్నా. నువ్వు చెప్పు, చిన్నోడిని ఫోన్లో రికార్డు చేయమను. సున్నంలో వేసే కరకాయ సంగతి కూడా మర్చిపోకుండా చెప్పు.

కంట్లో చుక్కలు వేళకి వేయించుకో.

నీ
పెద్దోడు