గైడ్లలో నలిగిపోతున్న రూపక కథలు

ఇంగ్లిష్ సాహిత్యంలోని మతపరమైన రూపక కథలను (గుణాలనూ భావాలనూ మనుషులుగా, వస్తువులుగా, చోట్లుగా చూపే కథలను) డిగ్రీ విద్యార్థులు గైడ్లలోని పట్టికలుగానే చూస్తున్నారు. మా అమ్మాయి గైడ్‌లో జాన్ బన్యన్ ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ (1678) మొత్తం రెండు పేజీలే: వీపు మీది మూట పాపం, బురదగుంట నిరాశ, సంత లోకవ్యామోహం. పరీక్షల టెన్షన్‌లో అదంతా బట్టీ పట్టింది, కథ మాత్రం చదవలేదు. అనుమతి లేకుండా మతబోధ చేశాడని 12 ఏళ్లు జైల్లో ఉంచిన మనిషి, గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు, రాసిన పుస్తకమది! అందులో క్రిస్టియన్ అనే పేరున్న కథానాయకుడు, నిరాశ అనే రాక్షసుడి కోటలో బుధవారం నుంచి శనివారం దాకా తిండీ నీళ్లూ వెలుతురూ లేక మగ్గుతాడు. తాళంచెవి తన రొమ్ము దగ్గరే ఉందని అప్పుడు గుర్తొస్తుంది. దాని పేరు వాగ్దానం. చివరి ఇనుప గేటు తాళం మొండికేసినా తెరుచుకుంటుంది. ఇదంతా పట్టికలో ఎక్కడ ఇముడుతుంది? విశ్వవిద్యాలయాలు మూలం నుంచి కనీసం పది పేజీలు సిలబస్‌లో పెట్టి, పరీక్షలో ఆ భాగమే ఇచ్చి ప్రశ్నలు అడగాలి. కాపీరైట్ తీరిన పుస్తకం కాబట్టి ఖర్చు సమస్యే లేదు. పక్కనే, అలాంటి రూపక కథే అయిన నంది మల్లయ, ఘంట సింగయల తెలుగు కావ్యం ‘ప్రబోధ చంద్రోదయం’లో వివేకుడు, మహామోహుడు తలపడే ఘట్టాన్నీ చదివించాలి.

– ఒక విద్యార్థిని తల్లి, ఒంగోలు