వృత్తి పన్ను మినహాయింపు పరిమితి పెంచండి

సంపాదకుడు గారికి,

కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థలో జీతాల పట్టీ రాయడం నా ఉద్యోగం. అందులో వృత్తి పన్ను గడి నింపేటప్పుడు ప్రతి నెలా మనసు చివుక్కుమంటుంది. మన రాష్ట్రంలో నెల జీతం 15,000 రూపాయలు దాటితే 150, 20,000 దాటితే 200 కోయాలి. ఆపైన లక్ష వచ్చినా, రెండు లక్షలు వచ్చినా అదే 200.

మా అటెండరుకు ఈమధ్య 200 రూపాయలు పెంచారు. 14,900 కాస్తా 15,100 అయింది. పన్ను పోగా అతని చేతికి అదనంగా వచ్చింది 50 రూపాయలు. ‘‘జీతం పెంచారన్నారు కదా సార్?’’ అని అడిగితే పట్టీలో ఆ గడి చూపించాను. అతను మారుమాట్లాడకుండా సంతకం పెట్టి వెళ్లాడు. ఏడాదికి 1,800 రూపాయలంటే ఆ ఇంట్లో పిల్లల నోటు పుస్తకాలు, బూట్లు వస్తాయి.

ఒక మనిషి నుంచి ఏడాదికి 2,500 రూపాయలకు మించి వృత్తి పన్ను వసూలు చేయరాదని రాజ్యాంగంలోని 276వ అధికరణం చెబుతోంది. 1988లో సవరించిన ఆ హద్దు పెద్ద జీతగాళ్లను కాపాడుతోంది. చిన్న జీతగాళ్లను కాపాడే హద్దు పెట్టవలసింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే. కర్ణాటక ఆ పని చేసింది. అక్కడ 2023 ఏప్రిల్ నుంచి నెలకు 25,000 లోపు జీతానికి ఈ పన్ను లేదు. ఆదోని అవతల ఉన్న బళ్లారిలో ఇదే ఉద్యోగం చేస్తూ ఇదే జీతం తీసుకునేవారికి లేని కోత మనవాళ్లకు ఎందుకు?

12 లక్షల దాకా ఆదాయ పన్ను లేదని కేంద్రం ఇచ్చిన ఊరట గొప్పదే. కానీ మా పట్టీలో చాలామందికి ఆ పన్ను ఎప్పుడూ లేదు, కనుక దానివల్ల ఒరిగిందీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గి సబ్బులు, టూత్‌పేస్టులు చవకయ్యాయి. మరుసటి నెల ప్రధానమంత్రి మన కర్నూలుకే వచ్చి ఆ సంగతి చెప్పారు. మేలు జరిగిందని ఒప్పుకుంటాను. అయితే ఇంటి అద్దె, బడి ఫీజు ఆ లెక్కలోకి రావు. కరెంటు సంగతి సరేసరి. ఇంధనానికి, కరెంటు కొనుగోలుకు అంచనా కన్నా ఎక్కువైన ఖర్చును తర్వాత రాబట్టే సర్దుబాటు ఛార్జీలంటూ, 2022-23లో వాడిన కరెంటుకు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలిపారు. ఆ కరెంటు వాడిన రోజుల్లో ఆ ఇంట్లో వేరేవాళ్లు అద్దెకున్నా సరే, ఇప్పుడున్నవాళ్లే కట్టాలి. ఎవరో వాడుకున్న కరెంటుకు డబ్బు కట్టడానికి ఏ సంసారి ముందుగా పక్కన పెట్టుకోగలడు?

పరిమితి పెంచితే ఖజానాకు కొంత తగ్గుతుంది, నిజమే. ఆ లోటును 15,000 జీతగాడి దగ్గర పూడ్చుకోవడం న్యాయం కాదు. వచ్చే బడ్జెట్‌లోనైనా వృత్తి పన్ను పరిమితిని కనీసం 25,000కు పెంచాలి. సర్దుబాటు ఛార్జీలను ఆ కరెంటు వాడినవారికే పరిమితం చేయాలి. ఈ రెండింటినీ మన జిల్లా శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా సభలో అడగాలని కోరుతున్నాను.

– ఒక ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు