'సరేలే' అంటే సమ్మతి కాదు

సంపాదక మహోదయులకు,

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో మా మండలంలోని భూసేకరణ సభ గురించి 'రైతులకు నచ్చజెప్పిన అధికారులు, భూములిచ్చేందుకు ఒప్పుకున్న గ్రామస్థులు' అన్న శీర్షికతో వార్త వచ్చింది. ఆ సభలో మూడో వరుసలో కూర్చున్నవాణ్ణి కనుక, ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, ఆ శీర్షికలోని రెండు క్రియల మీదా నాకు అభ్యంతరం ఉంది. ఇన్నాళ్లూ ఆగింది మీరే సవరణ వేస్తారేమోనన్న ఆశతో.

సభ పదకొండింటికని చాటించి ఒంటిగంటకు మొదలుపెట్టారు. షామియానా మొదట్లోనే ఒక కుర్రవాడు గీతలు కొట్టిన తెల్లకాగితాలు, ఇంకు ప్యాడ్ పెట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్ల చేత హాజరు కోసమని సంతకాలు పెట్టించాడు. కాగితం పైన శీర్షిక లేదు. నాలుగు వేళ్ల మందం ఖాళీ మాత్రం వదిలారు. నా ముందున్న పెద్దామె వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని కొంగుకు తుడుచుకుంటూ "ఇదేంది నాయనా?" అని అడిగితే, "ఏం లేదు పెద్దమ్మా, వచ్చినట్టు గుర్తు" అన్నాడు. వచ్చినట్టు గుర్తు కాస్తా సాయంత్రానికి ఇచ్చినట్టు గుర్తయింది.

నచ్చజెప్పడమంటే ఎదుటివాడికి నచ్చేటట్టు చెప్పడం. ఆనాటి నలభై నిమిషాల ప్రసంగంలో ఎకరానికి ఎంత ఇస్తారన్న మాటే లేదు. ఇక 'ఒప్పుకోవడం'. 'ఒప్పు' పాత తెలుగులో అందానికీ తగినదానికీ పేరు, తప్పొప్పుల్లో మంచి వైపు నిలబడే మాట. పోలీసు వార్తల్లో దొంగ నేరం ఒప్పుకుంటాడు, అప్పులవాడు బాకీ ఒప్పుకుంటాడు. తన పొలం తన పేరున ఉండడం తప్ప రైతు చేసిన నేరమేమిటి? మా వైపు మనిషికి నిజంగా నమ్మకం కలిగితే 'గురి కుదిరింది' అంటాడు, 'మనసొప్పింది' అంటాడు. పెళ్లి కుదిరినట్టు, బేరం కుదిరినట్టు అది కుదరాలి. ఆ వాక్యంలో అధికారికి చోటు లేదు. 'ఒప్పించారు', 'నమ్మించారు' అన్నప్పుడు మాత్రం చేసేవాడు అధికారి, చేయించుకునేవాడు రైతు. అందులోనూ 'నమ్మించి' అన్న తర్వాత తెలుగువాడి నోట 'మోసం చేశాడు' అనే వస్తుంది గానీ 'మేలు చేశాడు' అని రాగా నేను వినలేదు.

ఆ సభలో వినిపించిన మాట ఇవేవీ కాదు, 'సరేలే'. 'సరే'కీ 'సరేలే'కీ ఎంత దూరమో నెల్లూరు సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సరేలే అంటే నువ్వు చెప్పింది విన్నాను, ఎండ మాడ్చేస్తోంది, గొడ్లకు నీళ్లు పెట్టాలి, ఇక నన్ను వదిలిపెట్టు అని. అధికారులు బదిలీ మీద ఎక్కడెక్కడి నుంచో వస్తారు, వారికి తెలియదనుకుందాం. ఇక్కడే పుట్టి పెరిగిన మీ విలేకరికి తెలియకపోవడమేమిటి?

2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే ప్రభావిత కుటుంబాల్లో కనీసం 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా సమ్మతించాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే ఆ నిబంధన లేదు. వీటిలో మాది ఏదని ఒకాయన లేచి అడిగితే 'అవన్నీ తర్వాత' అని మైకు పక్కకు తిప్పారు. సమ్మతి అక్కరలేని సేకరణ అయితే ఒప్పుకున్నారని రాయించుకోవడం దేనికి? అక్కరైనదైతే హాజరు పట్టీ దానికెలా సరిపోతుంది? ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరిస్తేనే సమ్మతి అని, బలవంతంతోనో మోసంతోనో రాబట్టింది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. తెల్లదొరలకు ఉన్న ఆపాటి పట్టింపు మన దొరలకు లేకపోయింది.

ఇది ఒక్క సభతో వచ్చిన జబ్బు కాదు. ప్రశ్న అడిగితే 'అపోహ', జవాబు చెప్పకపోతే 'అవగాహన కల్పించారు', ఎవరూ లేవకపోతే 'ఏకగ్రీవ ఆమోదం'. కార్యాలయం నుంచి వచ్చిన ప్రకటనను కామా కూడా కదల్చకుండా అచ్చు వేసే అలవాటు పత్రికలకు ఎప్పుడు పట్టుకుందో గానీ, తిక్కన నడిచిన ఊళ్లో మన క్రియాపదాలు కూడా ప్రభుత్వమే సరఫరా చేస్తోంది.

మన జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. వాళ్లకు ఏ అధికారీ షామియానా వేసి నచ్చజెప్పలేదు. అక్షరాస్యత తరగతుల్లో పాఠం చదువుకుంటూ తమ ఇళ్ల సంగతి తామే మాట్లాడుకున్నారు, వాళ్ల మనసుకే పట్టింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. అప్పుడు ఒప్పుకున్నది సర్కారు. ఆ క్రియ అక్కడ చక్కగా అతికింది.

కనుక అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఆ రోజు సేకరించినవి హాజరు సంతకాలు మాత్రమేనని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. వచ్చే వారం మళ్లీ సభ ఉందని నిన్న చాటింపు వేశారు. కాగితం పైభాగంలో ఏం రాశారో బిగ్గరగా చదివి వినిపించిన తర్వాతే వేలు సిరాలో పెడతానని ఆ పెద్దామె అంటోంది. మీ విలేకరి ఈసారి సభ ముగిసే దాకా ఉంటే ఆమె పక్కన ఒక కుర్చీ ఆపి ఉంచుతాము.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి ప్రాంతం, నెల్లూరు జిల్లా