ఆముదాలు మనవి, ఆమ్లం పరాయిదా?

సంపాదకులు గారికి,

వానలు ముఖం చాటేసిన ఏడు కూడా ఎంతో కొంత చేతికొచ్చే పంటగా పాలమూరు చెల్కల్లో మా పెద్దలు ఆముదాన్ని నమ్ముకున్నారు. ఇప్పుడు ఆ నేలల్లో చాలావరకు పత్తే కనిపిస్తోంది. దాసరి పురుగు, గెలలకు పట్టే బూజు తెగులు ఇందుకు కొంత కారణమే అయినా, ధర మీద భరోసా లేకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో ఆముదం నేటికీ లేదు.

ఇంత విలువైన నూనెకు ఈ గతి పట్టడం, రసాయన శాస్త్రం బోధించిన నాకు బాధ కలిగిస్తోంది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. దాని అణువులో 12వ కార్బన్‌కు హైడ్రాక్సిల్ సమూహం, 9వ కార్బన్ దగ్గర ద్విబంధం ఉండటం వల్ల ఆ అణువును వేర్వేరు చోట్ల విడగొట్టవచ్చు. కాస్టిక్ సోడా కలిపి 250 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే నైలాన్‌కూ, కందెనలకూ పనికొచ్చే సెబాసిక్ ఆమ్లం వస్తుంది. మిథైల్ ఎస్టరుగా మార్చి అంతకు రెట్టింపు వేడిలో విడగొడితే, తామర మందుల్లో వాడే అండిసైలెనిక్ ఆమ్లానికి దారి దొరుకుతుంది. వాహనాల ఇంధన గొట్టాలకు వాడే నైలాన్ 11 కూడా ఆ దారిలోనే తయారవుతుంది. హైడ్రోజన్ చేరిస్తే బేరింగుల గ్రీజుకు కావలసిన 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం ఏర్పడుతుంది.

ఆముదం పంటలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం, అందులో గుజరాత్‌దే సింహభాగం. అయినా మన నూనెను పెద్ద మొత్తంలో కొని, సెబాసిక్ ఆమ్లంగా మార్చి ప్రపంచానికి అమ్ముకుంటున్నది చైనా.

హైదరాబాద్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ, ఆముదం వంగడాలను రూపొందించిన పాలెం పరిశోధన స్థానం, ఈ మూడూ మనకు అందుబాటులోనే ఉన్నాయి. ప్రభుత్వం వీటిని ఒకచోట కూర్చోబెట్టి, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ముందుగా గ్రీజు ఆమ్లం తయారుచేసే ఒక చిన్న కర్మాగారాన్నైనా నెలకొల్పాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో విత్తనం వేయకముందే కొనుగోలు ధర ఒప్పందం చేసుకోవాలి. సెబాసిక్ ఆమ్లం పాత పద్ధతిలో ఫినాల్, సోడియం సల్ఫేట్ కలిసిన మురుగునీరు వెలువడుతుంది. కాబట్టి ఆ దశకు వెళ్లే ముందే శుద్ధి ఏర్పాటును అనుమతికి షరతుగా పెట్టాలి. మా చెరువులను పణంగా పెట్టి వచ్చే కర్మాగారం మాకు వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
నాగర్‌కర్నూల్ జిల్లా