మూర్ఛ మాత్రల చీటీలో మనసుకూ చోటు ఉండాలి

సంపాదకులకు,

మూర్ఛతో బాధపడే నా తమ్ముణ్ణి పదిహేడేళ్లుగా వెంటబెట్టుకుని ఆసుపత్రులకు తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్లినా అడిగేది ఒక్కటే: "ఈ నెల ఎన్నిసార్లు వచ్చింది?" రాలేదంటే పాత మాత్రలే మళ్లీ రాసి పంపుతారు. కొన్నాళ్ల కిందట వాడికి నిద్ర కరువైందనీ, పలకరిస్తే కసురుకుంటున్నాడనీ, ఇంకెందుకు బతకడమని వదినతో రెండుసార్లు అన్నాడనీ చెప్పుకునే సందు మాకు దొరకలేదు.

మూర్ఛ ఉన్నవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి కుంగుబాటు ఉంటుంది. అది జబ్బు వల్ల కలిగిన దిగులు మాత్రమే కాదు. చాలామందిలో మూర్ఛ మొదలయ్యే కణతల వైపు మెదడు భాగమే మన భావోద్వేగాలతోనూ ముడిపడి ఉంది. దీనికి మాత్రల ప్రభావం తోడవుతుంది. విరివిగా వాడే లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకును, కోపాన్ని, దిగులును పెంచుతుంది. మూర్ఛ మందులు వాడేవారిలో ఆత్మహత్య ఆలోచనలను కనిపెట్టి ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే ఇంటివాళ్లు ఆ కోపాన్ని పొగరనుకుంటారు, లేదా రోగి విసిగి మాత్రలే మానేస్తాడు. అలా ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

వరుసగా ఫిట్స్ వచ్చి తగ్గి, ఒకటి రెండు రోజులు మామూలుగా ఉన్న మనిషి, ఆ తర్వాత లేనివి కనబడుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు పెట్టడం కూడా వైద్యులకు తెలిసిన స్థితే. మందులతో నయమయ్యే దాన్ని మన ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు. (చేతిలో తాళాల గుత్తి పెట్టడం గురించి రాయాలంటే మరో ఉత్తరం కావాలి.)

ఇక్కడి తెలుగువాళ్లం మాకు ఇంకో చిక్కు భాష. కడుపునొప్పిని ఒడియాలో చెప్పుకోగలం గాని, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట అమ్మ నేర్పిన భాషలో తప్ప నోరు దాటదు. మూర్ఛ రోగుల్లో కుంగుబాటును పసిగట్టడానికి, గడిచిన రెండు వారాల గురించి అడిగే ఆరు ప్రశ్నల పత్రం ఒకటి 2006 నుంచీ ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి చోట్ల మూర్ఛకు మందులిచ్చే ప్రతి గదిలోనూ దాన్ని ఒడియాతో పాటు తెలుగులోనూ ఉంచాలనీ, మాత్ర మార్చినప్పుడల్లా ఆ ప్రశ్నలు అడగాలనీ, మనసు బాగోలేనివారికి ఫోన్‌లో సాయపడే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416ను చీటీ మీద ముద్రించాలనీ ఒడిశా ఆరోగ్యశాఖకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

నా తమ్ముడికి చివరికి శ్రీకాకుళంలో ఒక డాక్టరు, మేము చెప్పింది ఓపికగా విని, మాత్ర మార్చారు. రెండు నెలల తర్వాత వాడు వదినను టీ అడిగాడు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా