సుగ్గికి పోయొచ్చిన పిల్లల లెక్కలు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆదోని డివిజన్‌లో హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే కూలీ బిడ్డకు 580 మార్కులంటూ పేపర్లో ఫొటో పడుతుంది. పిలిచి శాలువా కప్పుతాం. నేనూ కప్పాను. అయితే ఆ బిడ్డ పట్టుదల గురించి మనం ఎంత మాట్లాడితే, అదే బెంచీలో లెక్కలు తప్పిన పిల్లకు పట్టుదల లేదన్నట్టు అయిపోతోంది. నా బాధ అదే.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు సుగ్గి అంటే మీరు వినే ఉంటారు. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస. వానలు ముఖం చాటేసిన ఏడు దీపావళి దాటితే వీధులు ఖాళీ. పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియక వెంటబెట్టుకుపోతారు. తిరిగొచ్చేది ఉగాదికి.

సోషల్‌లో మూడు నెలలు పోతే మూడు నెలల పాఠాలే పోతాయి. లెక్కల్లో అలా కుదరదు. ఎనిమిదో తరగతిలో అనులోమ విలోమానుపాతాలు, కారణాంక విభజన నేను సంక్రాంతికి అటూఇటూగా చెప్పేవాణ్ణి. అవి తప్పిన పిల్ల తొమ్మిదిలో బహుపదుల దగ్గర తడబడుతుంది, పదిలో వర్గ సమీకరణాల దగ్గర చేతులెత్తేస్తుంది. వోల్టేజీకి కరెంటు అనులోమానుపాతంలో ఉంటుందని ఓం నియమం చెబుతుంటే ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఫిజిక్స్ సారు ఈ పిల్లకు సైన్సు రాదనుకుంటాడు.

ఒక ఏడు ఏప్రిల్‌లో ఒక పిల్ల బడికొచ్చింది. విలోమానుపాతం బోర్డు మీద రాస్తే తెల్లముఖం వేసింది. పదిమంది ఆరు రోజుల్లో కోసే మిరప చేను పదిహేను మందైతే ఎన్నాళ్లమ్మా అంటే, "నాలుగు సార్, కానీ అంతమందిని మేస్త్రీ పిలవడు" అంది! ఆ వేసవి సెలవుల్లో మా వరండాలో కూర్చోబెట్టి తప్పిన పాఠాలన్నీ చెప్పాను. పదిలో లెక్కల్లో 80 దాటింది. అంతే తెలివి, అంతే పట్టుదల ఉన్నవాళ్లు ఆ క్లాసులో ఇంకా ఉన్నారు. నా వరండా అంతమందికి చాల్లేదు.

వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదా అంటారు. నేను చూసినన్నాళ్లూ అవి తెరుచుకునేసరికి లారీలు ఊరు దాటేవి. దసరా సెలవులు అయిపోగానే తెరిపించండి. సాయంత్రం పూట లెక్కలు చెప్పగల మనిషిని అక్కడ పెట్టండి, వాచ్‌మన్ ఒక్కడే ఉంటే లాభం లేదు.

ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష సంగతీ చూడండి. ఎనిమిదిలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు, అదీ సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకు. అచ్చంగా వీళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. ఈమధ్య డిసెంబరు మొదట్లో జరుపుతున్నారు, అప్పటికి వీళ్లు పత్తి చేలల్లో ఉంటారు. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఎక్కడుంటే అక్కడే రాసుకునే వీలు కల్పించండి.

ఇంకొకటి. జూన్‌లో తనిఖీకి వచ్చే అధికారి సిలబస్ ఎంతయిందని అడుగుతాడు. ఏ పిల్లకు ఏ పాఠం పోయిందని కూడా అడగమనండి. ఆ నెలంతా పోయిన పాఠాలే చెప్పుకోవడానికి లెక్కల టీచర్లను వదిలేయండి.

హాస్టళ్లు తెరిచే తేదీ మాత్రం ఈసారి ముందే కాగితం మీద ఇప్పించండి. దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పిల్లల్ని వదిలి వెళ్లమని నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల సారు