కుట్టు పక్కన పెన్నుతో గీత గీసిన సిస్టర్‌కి

సిజేరియన్ అయిన ఆరో రోజు ఆ బాలింత ఆసుపత్రికి తిరిగొచ్చింది. కుట్టు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంది, జ్వరం 101. పాలు గడ్డకట్టిన జ్వరమేలే అన్నారు ఇంట్లోవాళ్ళు. కుట్టు చీము పట్టేది చాలాసార్లు ఇలా ఇంటికెళ్ళాకే.

సిస్టర్, మీరు చేసింది చిన్న పని. ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో అంచు గీసి, పక్కన టైం వేశారు. నాలుగు గంటల తర్వాత ఎరుపు గీత దాటింది. తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌ని పిలిచారు. కొన్ని కుట్లు విప్పితే చీము బయటికొచ్చింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకి, చీము శాంపిల్ తీయాలని గుర్తుచేసిందీ మీరే. హడావిడిలో అందరూ మర్చిపోయేది అదే.

తర్వాత రోజూ డ్రెస్సింగ్. అరగంట ముందే నొప్పి మాత్ర ఇచ్చేవారు. సెలైన్‌తో కడిగి, గాజ్ గుడ్డ గాయంలో వదులుగా పెట్టేవారు. బిగించి కూరితే చీము లోపలే నిలుస్తుంది. పైచర్మం ముందే మూసుకున్నా అంతే. పొట్ట మడత కింద చెమ్మ లేకుండా అద్ది, పొడిగుడ్డ వేసేవారు. పౌడర్ మాత్రం దగ్గరికి రానివ్వలేదు!

అన్నిటికన్నా గుర్తుండేది ఇంకోటి. బరువు కుట్టుమీద పడకుండా బిడ్డని తల్లి చంక కింద, దిండుమీద పడుకోబెట్టి పాలు పట్టించారు. ఆరోజే ఆమె మొదటిసారి ఏడవకుండా పాలిచ్చింది.

మీకు దండాలు, సిస్టర్.